గోడ మీద జరిగే సాకెట్లు: పవర్ ట్రాక్ ఎంచుకోవడం, బిగించడం, వాడటం

గోడకి బిగించిన ఓ అల్యూమినియం పట్టీ, దాని పొడవునా సన్నటి గాడి, ఆ గాడిలో ఎక్కడ కావాలంటే అక్కడ దూర్చి తిప్పి బిగించుకునే చిన్న సాకెట్లు. దీన్నే పవర్ ట్రాక్ అంటున్నారు. కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్ళకి ఇంటీరియర్ వాళ్ళు మాడ్యులర్ కిచెన్‌తో పాటు దీన్నీ అంటగడుతున్నారు, ఆన్‌లైన్‌లో అయితే రకరకాల ధరలకి దొరుకుతోంది. అంటగడుతున్నారు అన్నానని పనికిరాని వస్తువు అనుకోకండి, సరైన చోట పెడితే చాలా సుఖం. ప్లగ్ పాయింట్ ఒక మూల, మిక్సీ ఇంకో మూల ఉండి మధ్యలో వైరు వేలాడే బాధ తప్పుతుంది, టేబుల్ కింద ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగే పాడలవాటూ పోతుంది.

కానీ డబ్బులు పెట్టేముందు ఒక్క విషయం బుర్రకెక్కించుకోవాలి. ట్రాక్ వల్ల సాకెట్ చోటు మారుతుంది, సాకెట్ల సంఖ్య పెరుగుతుంది, ఆ లైను మోయగలిగే కరెంటు మాత్రం ఒక్క ఆంపియర్ కూడా పెరగదు. మేడ మీద ట్యాంకు ఒకటే, పైపు ఒకటే అయినప్పుడు కుళాయిలు ఎన్ని పెట్టుకున్నా వచ్చే నీళ్ళు అవే కదా, ఇదీ అంతే. కాకపోతే నీళ్ళయితే ధార సన్నబడి ఊరుకుంటుంది, కరెంటయితే వైరు వేడెక్కుతుంది.

లోపల ఏముంటుంది

పట్టీ లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా రాగి కడ్డీలు ఉంటాయి: ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. ఇవి గాడికి ఎదురుగా కాకుండా పక్క గోడల్లోకి ఒదిగి, ప్లాస్టిక్ ఇన్సులేషన్ మధ్యలో ఉంటాయి కాబట్టి వేలు ఆనిస్తే తగలవు. సాకెట్‌ని అడాప్టర్ అంటారు. దాన్ని తిరగేసి చూస్తే వెనకాల ఒక కాడ, ఆ కాడకి అటూ ఇటూ పొడుచుకొచ్చిన కాంటాక్టులు కనిపిస్తాయి. గాడిలోకి సూటిగా దూర్చి, కాస్త నొక్కి, 90 డిగ్రీలు తిప్పితే కాంటాక్టులు పక్కకి తిరిగి రాగి కడ్డీలకి ఆనుకుంటాయి, టక్కున శబ్దం వస్తుంది, చాలా మోడళ్ళలో చిన్న లైటు కూడా వెలుగుతుంది. వెనక్కి తిప్పితే కనెక్షన్ తెగి ఊడి వస్తుంది. ఇందులో స్క్రూడ్రైవర్‌తో పని లేదు, ఇంట్లో ఎవరైనా చేయగలరు.

గోడ మీద పైకి కనిపించేలా బిగించే రకం ఒకటి, గోడలోకో టేబుల్ చెక్కలోకో దిగిపోయే రకం ఒకటి. ఉన్న ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి మొదటిదే మంచిది, రెండోదానికి టైల్స్ కోసి గాడి కొట్టాలి, ఆ దుమ్మూ ఖర్చూ కొత్త ఇంటి పని జరుగుతున్నప్పుడే భరించగలం.

ఇంకో సంగతి. సీలింగ్‌కి వేలాడే ట్రాక్ లైట్ల పట్టీ వేరు, ఇది వేరు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ లైట్ల ట్రాక్‌కి ఐఈసీ 60570 అనే అంతర్జాతీయ స్టాండర్డ్, సాకెట్ల పవర్ ట్రాక్‌కి ఐఈసీ 61534. లైట్ల పట్టీ చవగ్గా దొరికింది కదా అని దానికి సాకెట్ తగిలించే ప్రయత్నం చేయకండి, అది మిక్సీలకీ ఇస్త్రీ పెట్టెలకీ చేసింది కాదు.

ఎక్కడ పెడితే లాభం

ఇంట్లో అన్ని గదుల్లో పెట్టించుకోవడం దండగ. వస్తువులు చోటు మారుతూ ఉండే దగ్గరే దీని ఉపయోగం. నన్నడిగితే మొదటి చోటు పని చేసుకునే టేబుల్. మన విశాఖపట్నంలో రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఉద్యోగాలు చేస్తూ సగం రోజులు ఇంటి నుంచే పని చేసేవాళ్ళకి ల్యాప్‌టాప్, మానిటర్, వైఫై రౌటర్, ఫోన్ ఛార్జర్, టేబుల్ లైటు అన్నీ ఒకే చోట కావాలి. ఇవన్నీ కలిపినా మూడు నాలుగు వందల వాట్లు దాటవు కాబట్టి లోడ్ గురించి టెన్షన్ లేదు. టేబుల్ పై నుంచి నాలుగైదు అంగుళాల ఎత్తులో పట్టీ బిగిస్తే మానిటర్ స్టాండుకి అడ్డం రాదు, వైర్లు కిందకి వేలాడవు.

రెండోది వంటగట్టు. మిక్సీ, గ్రైండర్, కెటిల్, టోస్టర్ ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. గట్టు మీద నుంచి ఎనిమిది, పది అంగుళాల ఎత్తు సరిపోతుంది, కింద మిక్సీ జార్ పెట్టినా అడాప్టర్ తిప్పడానికి చెయ్యి పడుతుంది. కానీ సింక్ పక్కన వద్దు, కుళాయి చిందే చోటు నుంచి కనీసం రెండు అడుగులు వదలండి. స్టవ్ వెనక గోడ మీద అసలే వద్దు. కుక్కర్ ఆవిరి, తాళింపు చిటపటలు, వంజరం ముక్కలు వేయించేటప్పుడు ఎగిరే నూనె, అన్నీ తిన్నగా ఆ గాడిలోకే వెళ్తాయి. నూనె జిడ్డు మీద దుమ్ము పేరుకుంటే దాన్ని తీయడం బ్రహ్మవిద్య.

టీవీ వెనక కూడా బాగానే ఉంటుంది, సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బార్, పండక్కి సీరియల్ లైట్లు తగిలించుకోవచ్చు. బాత్రూమ్, బాల్కనీ, వాష్ ఏరియా, ఈ మూడింటికీ దూరం. సముద్రం వైపు బాల్కనీ అయితే ఇక చెప్పక్కర్లేదు.

ఏసీ, గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇండక్షన్ స్టవ్, వీటికి విడిగా గోడ పాయింట్లే ఉండనివ్వండి. మొదటి రెండూ గంటల తరబడి ఎక్కువ కరెంటు లాగేవి, ఒక చోట పెడితే కదిలేవీ కావు, వాటిని జరపాల్సిన పనే లేదు. ఫ్రిజ్ తక్కువే లాగుతుంది గానీ ట్రాక్‌కి ఉన్న మెయిన్ స్విచ్ రాత్రి ఎవరో ఆపేస్తే పొద్దున్నకి పాలు విరిగిపోతాయి.

లోడ్ లెక్క

ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఇక్కడ తప్పు జరిగితే మిగతా జాగ్రత్తలన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

మన ఇంటికొచ్చే కరెంటు 230 వోల్టులు. 16 ఆంపియర్ల లైను అంటే 230 ఇంటూ 16, అంటే 3,680 వాట్లు. ట్రాక్‌కి ఉన్న అడాప్టర్లన్నిటికీ కలిపి ఇదే హద్దు, ఒక్కో అడాప్టర్‌కి ఇంత అని కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్న వంటింట్లోకి వెళ్దాం. టీకి కెటిల్ 1,500 వాట్లు, నిన్నటి కూర వేడి చేయడానికి మైక్రోవేవ్ 1,200, చట్నీకి మిక్సీ 750. మొత్తం 3,450, అంటే 15 ఆంపియర్లు, హద్దులోనే ఉన్నాం. ఈలోగా పిల్లల కోసం ఇంకెవరో 800 వాట్ల టోస్టర్ ఆన్ చేశారు. 4,250 వాట్లు, పద్దెనిమిదిన్నర ఆంపియర్లు.

ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే దానంతట అదే లైను ఆపేసే స్విచ్, పడిపోతుంది కదా, భయమేంటి అంటారు. అక్కడే ఉంది తిరకాసు. ఇళ్ళల్లో వాడే 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడదు. స్టాండర్డ్ ప్రకారం 1.13 రెట్ల దాకా, అంటే ఇంచుమించు 18 ఆంపియర్ల దాకా, గంటసేపు పడకుండా ఉండాలి. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లు దాటితేనే గంటలోపు పడి తీరాలి. మధ్యలో ఉన్న 18.5 దగ్గర పడొచ్చు, పడకపోవచ్చు. రోజూ ఒక పావుగంట అలా లాగితే ఎంసీబీ నోరెత్తదు, ఎక్కడ స్క్రూ వదులుగా ఉందో, ఎక్కడ అడాప్టర్ కాంటాక్టు సరిగ్గా ఆనలేదో అక్కడ మాత్రం వేడి పుడుతూనే ఉంటుంది.

కాబట్టి వంటింటి ట్రాక్ మీద వేడి చేసే వస్తువులు, అంటే కెటిల్, టోస్టర్, మైక్రోవేవ్, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, ఒకేసారి రెండుకి మించి వద్దు అని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. మిక్సీ, గ్రైండర్, ఛార్జర్లు వాటితో పాటు ఉన్నా ఫర్వాలేదు. వాట్లు గుర్తుపెట్టుకోమని అమ్మమ్మకీ పనమ్మాయికీ చెప్పలేం గానీ "వేడివి రెండే" అంటే ఎవరికైనా గుర్తుంటుంది.

కొన్ని ట్రాకుల మీద 32 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది ఆ పట్టీ మోయగలిగేది. మీ గోడలోంచి దానికి వచ్చే వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో) ఎంసీబీ 16ది అయితే మీ ట్రాక్ 16 ఆంపియర్లదే. మాటిమాటికీ పడిపోతోందని ఆ ఎంసీబీ తీసేసి 32ది పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళని ఇంకెప్పుడూ కరెంటు విషయాలు అడక్కండి. అప్పుడు కాలేది వైరు, అదీ గోడ లోపల.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో ఇంకో చిక్కు. టేబుల్ దగ్గర ట్రాక్‌ని ఇన్వర్టర్ లైను మీద పెట్టించుకోవచ్చు, కరెంటు పోయినా వైఫై, ల్యాప్‌టాప్ నడుస్తాయి. వంటింటి ట్రాక్ మాత్రం ఇన్వర్టర్ లైను మీదకి రాకుండా చూసుకోండి, ఒక్క కెటిల్ చాలు ఇన్వర్టర్ కీచుమని ఆగిపోవడానికి.

షాపులో ఏం చూడాలి

డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, డబ్బు కట్టేముందు వస్తువు చేతిలోకి తీసుకుని చూడటమే నయం. ఆన్‌లైన్ అయితే వెనక్కి పంపే గడువు లోపల బిగించకుండానే ఇవన్నీ చూసేయండి.

జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి, పాత స్పీకర్ దానిదైనా సరే. కరెంటు కనెక్షన్ లేని పట్టీ చివర మూత తీయించి, లోపల కడ్డీకి ఆనించండి. రాగి అయితే అంటుకోదు. అంటుకుందంటే అది రాగి పూత పూసిన ఇనుము, ధర ఎంత తక్కువైనా వదిలేయండి. షాపువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.

తర్వాత అడాప్టర్‌ని దూర్చి, తిప్పి, తీసి, మళ్ళీ దూర్చి, ఒక పదిసార్లు చేయండి. ప్రతిసారీ ఒకేలా టక్కుమనాలి. బిగిసిన తర్వాత పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఊగకూడదు. రెండు మూడు వేర్వేరు అడాప్టర్లతో, పట్టీ మధ్యలో ఒకసారి, చివర్లలో ఒకసారి చూడండి. చవక రకాల్లో మధ్యలో బాగానే పట్టి, చివర దగ్గర వదులైపోవడం కద్దు. ఎర్త్ కాంటాక్టు మిగతా రెండింటికన్నా ముందు తగిలి, తీసేటప్పుడు చివర్న వదిలేలా ఉందా అని కూడా అడగండి, అమ్మేవాడికి తెలియకపోతే కంపెనీ కాగితంలో రాసి ఉంటుంది.

గాడికి మూత ఉందా? కొన్నింటికి రబ్బరు అంచులు ఉంటాయి, అడాప్టర్ పెట్టిన చోట మాత్రమే తెరుచుకుంటాయి. మూత లేని నోరు తెరిచిన గాడి ఏసీ గదిలో చెల్లుతుందేమో గానీ మన ఊళ్ళో, అందునా చిన్నపిల్లలున్న ఇంట్లో, వద్దు. పిల్లల చేతిలో హెయిర్‌పిన్ను ఎక్కడికి వెళ్తుందో చెప్పలేం.

అడాప్టర్ల రకం గురించి కాస్త గట్టిగానే చెప్తాను. ఏ దేశపు ప్లగ్ అయినా పట్టేస్తుంది అని యూనివర్సల్ సాకెట్లు ఇస్తుంటారు. అన్నిటికీ పట్టేలా చేసిన రంధ్రం దేన్నీ గట్టిగా పట్టుకోదు. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్ అందులో ఊగుతూ ఉంటుంది, ఊగే చోట నిప్పురవ్వలు వస్తాయి, నల్లబడుతుంది. మన ప్లగ్గులకి ఐఎస్ 1293 అనే స్టాండర్డ్ ఉంది, 6 ఆంపియర్ల చిన్న పిన్నుది, 16 ఆంపియర్ల లావు పిన్నుది. ఆ కొలతలతో చేసి, ఐఎస్ఐ మార్కు ఉన్న అడాప్టర్లే తీసుకోండి. వంటింటికి రెండు 16వి, రెండు 6వి, టేబుల్‌కి అన్నీ 6వి, ఒక యూఎస్‌బీది, అలా కలిపి తీసుకుంటే సరిపోతుంది. లావు పిన్ను కెటిల్‌ని కన్వర్టర్ పెట్టి 6 ఆంపియర్ల అడాప్టర్‌కి తగిలించడం అంటే కొరివితో తల గోక్కోవడమే.

ఒక కంపెనీ అడాప్టర్ ఇంకో కంపెనీ ట్రాక్‌లో పట్టదు. గాడి వెడల్పు, కడ్డీల మధ్య దూరం ఎవరి లెక్క వాళ్ళది. పేరు ఊరు లేని సరుకు కొంటే, రేపు ఒక అడాప్టర్ పాడైతే మొత్తం పట్టీ మార్చుకోవాల్సిందే. విడిగా అడాప్టర్లు అమ్ముతున్నారా అని అడిగి, కొనేటప్పుడే ఒకటి రెండు ఎక్కువ తీసి పెట్టుకోండి.

పొడవు ముందే టేపుతో కొలుచుకుని వెళ్ళండి. చాలా ట్రాకులు ఇంట్లో హాక్సాతో కోసుకునేవి కావు, కోస్తే కడ్డీ అంచు బయటికి తేలి ప్రమాదం. అలాగే వైరు లోపలికి వచ్చేది ఒక చివర నుంచే, అది ఎడమో కుడో మోడల్‌ని బట్టి ఉంటుంది. మీ గోడ మీద పాయింట్ ఎడమవైపు ఉండి, కుడి చివర నుంచి కనెక్షన్ తీసుకునే ట్రాక్ తెస్తే, పట్టీ వెనక నుంచి వైరు లాక్కొచ్చే వికారమైన ఏర్పాటు చేయాల్సొస్తుంది.

బిగించే రోజు

వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌దే. ఇందులో మొహమాటం వద్దు, వీడియోలు చూసి మీరే చేసేయకండి. కానీ పక్కన నిలబడి ఏం చేయించాలో తెలిసి ఉండాలి, ఎందుకంటే ట్రాక్ పని ఇంతకుముందు చేసినవాళ్ళు ఊళ్ళో ఇంకా తక్కువే, మామూలు సాకెట్ బోర్డులాగే చేసి వెళ్ళిపోతారు.

మొట్టమొదట ఎర్తింగ్. పట్టీ అంతా లోహం, కాబట్టి ఎర్త్ లేకుండా పెట్టడం అంటే గోడకి మీటరు పొడవు ప్రమాదం తగిలించడం. వన్ టౌన్, అల్లిపురం వైపు పాత ఇళ్ళల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరే ఉండని బోర్డులు ఇంకా కనిపిస్తాయి. టెస్టర్‌తో ఎర్త్ తెలియదు, మల్టీమీటర్ పెట్టి చూపించమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే మంచిది. ఫేజ్, ఎర్త్ మధ్య వంద, నూటయాభై ఇలా చూపిస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగినట్టే, ముందు అది బాగు చేయించాలి.

డీబీలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, ఉండాలి. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆపేది అదే, ఎంసీబీ కాదు. ట్రాక్‌కి విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ, అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఐఎస్ఐ రాగి వైరు, ఇది వంటింటికి. ఉన్న బోర్డులోని చిన్న 6 ఆంపియర్ల పాయింట్ నుంచి వైరు లాగి వంటింటి ట్రాక్‌కి ఇచ్చేస్తానంటే ఒప్పుకోకండి, టేబుల్ దగ్గర ట్రాక్‌కైతే అది చాలు, దానికి ముందున్న ఎంసీబీ ఆ వైరుకి తగ్గది అయితే.

మనకి ప్రతి సాకెట్ పక్కనా స్విచ్ ఉండటం అలవాటు. ట్రాక్ అడాప్టర్లకి చాలావరకు స్విచ్ ఉండదు. అందుకని ట్రాక్ మొదట్లో, చేతికందే ఎత్తులో, ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండింటినీ ఆపే ఒక డబుల్ పోల్ స్విచ్ పెట్టించండి. రాత్రి పడుకునేముందు, ఊరెళ్ళేటప్పుడు ఒక్క నొక్కుతో అంతా ఆగిపోతుంది.

డ్రిల్లింగ్ మొదలుపెట్టే ముందు గోడలో పైపులు ఎక్కడ పోతున్నాయో ఆలోచించండి. కాన్సీల్డ్ వైరింగ్ పైపులు మామూలుగా స్విచ్ బోర్డుకి నిలువుగా పైకో కిందకో వెళ్తాయి, కాబట్టి బోర్డుకి తిన్నగా పైనా కిందా రంధ్రం వేయించకండి. వంటింట్లో నీళ్ళ పైపులు కూడా ఉంటాయి, ప్లంబర్ పని చేస్తున్నప్పుడు తీసిన ఫోటోలు ఫోన్‌లో ఉంటే ఇప్పుడు పనికొస్తాయి. టైల్స్ మీద అయితే ముందు హామర్ మోడ్ లేకుండా టైల్ బిట్‌తో నెమ్మదిగా పైపొర దాటించి, తర్వాత గోడలోకి వెళ్ళాలి, లేకపోతే టైల్ చీలుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి మీరే తెచ్చి ఇవ్వండి. ఎలక్ట్రీషియన్ సంచిలో ఉండే మామూలు స్క్రూలు మన గాలికి ఒక వానాకాలం తిరిగేసరికి ఎర్రగా గోడ మీద గీతలు కారుస్తాయి.

కనెక్షన్ ఇచ్చే చోట వైరు పోగులన్నీ కలిపి లగ్గులో గానీ ఫెర్రూల్‌లో గానీ (వైరు చివర వేసే లోహపు తొడుగులు) పెట్టి బిగించాలి. రెండు పోగులు బయట వదిలేసి స్క్రూ తిప్పేస్తే అప్పటికి పనిచేస్తుంది, వేడి మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. మూత వేసేముందు ప్రతి వైరునీ పట్టుకుని లాగి చూడమనండి.

అంతా అయ్యాక ఆయన్ని వెంటనే పంపించేయకండి, టీ ఇవ్వండి. ఈలోగా ఒక అడాప్టర్‌కి ఇస్త్రీ పెట్టె, ఇంకోదానికి కెటిల్ తగిలించి కాసేపు నడపండి. తర్వాత అడాప్టర్ ప్లాస్టిక్ మీద, కనెక్షన్ ఇచ్చిన చివర మూత మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత ఉంటే మూత తీసి మళ్ళీ బిగించాల్సిందే. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ కూడా ఆయన ముందే నొక్కి పడుతోందో లేదో చూడండి.

రోజూ వాడేటప్పుడు

అడాప్టర్ జరపాలంటే ముందు దానికి తగిలించిన వస్తువుని ఆపండి. మిక్సీ తిరుగుతుండగా, కెటిల్ కాగుతుండగా అడాప్టర్ తిప్పితే లోపల నిప్పురవ్వ లేచి రాగి మీద మచ్చ పడుతుంది, తర్వాత ఆ చోట ఎప్పుడూ సరిగ్గా ఆనదు. వస్తువు ఆపి, అడాప్టర్‌ని వెనక్కి తిప్పి, కావాల్సిన చోటికి తీసుకెళ్ళి, మళ్ళీ దూర్చి, శబ్దం వచ్చేదాకా తిప్పాలి. సగం తిప్పి వదిలేయడం, అది పనిచేసేస్తోంది కదా అనుకోవడం, చాలా ఇళ్ళల్లో జరిగేదిదే.

ప్లగ్ తీసేటప్పుడు ఒక చేత్తో అడాప్టర్‌ని పట్టుకుని ఇంకో చేత్తో ప్లగ్ లాగండి. వైరు పట్టుకుని లాగితే ప్లగ్‌తో పాటు అడాప్టరూ వంకర తిరుగుతుంది. ట్రాక్ అడాప్టర్‌కి మళ్ళీ ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించడం, త్రీ-వే ప్లగ్ పెట్టడం వద్దు. సాకెట్లు చాలకపోతే ఇంకో అడాప్టర్ కొనండి, లోడ్ లెక్క మాత్రం మర్చిపోకండి.

ఉప్పుగాలి, వాన, తుఫాను

మీ ఇంటి కిటికీ గ్రిల్ చూడండి. రంగు వేయించిన ఏడాదికే తుప్పు బొబ్బలు లేస్తున్నాయంటే, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో లేస్తాయి, అదే గాలి ట్రాక్ గాడిలోకీ వెళ్తోందని అర్థం. ఉప్పు తేమని పట్టుకుని ఉంటుంది, రాగి మీద ముందు నల్లగా, తర్వాత పచ్చగా పొర కడుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి వస్తుంది. ఆ పొర అడ్డం పడితే కాంటాక్టు దగ్గర వేడి. గాజువాక, పెందుర్తి వైపు ఈ బాధ తక్కువ, దుమ్ము మాత్రం ఎక్కడైనా ఒకటే.

అందుకని తెరిచి ఉండే కిటికీకి ఎదురు గోడ మీద ట్రాక్ వద్దు. నెలకోసారి ఎంసీబీ ఆపి, అడాప్టర్లన్నీ తీసి, పొడిగా ఉన్న మెత్తటి పెయింట్ బ్రష్‌తో గాడి పొడవునా దులపండి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. తడిగుడ్డ వద్దు. గాజు తుడిచే స్ప్రే, తుప్పు వదిలించే స్ప్రే, కొబ్బరినూనె, ఏదీ గాడిలో కొట్టకండి. కదలకుండా ఒకేచోట ఉండిపోయే అడాప్టర్లని ఆ రోజే నాలుగైదుసార్లు తిప్పి తీసి పెడితే కాంటాక్టుల మీది పలచటి పొర రాపిడికే పోతుంది. పచ్చగా గట్టిపడిపోయి ఉంటే దాన్ని ఉప్పుకాగితంతో గీకడం మొదలుపెట్టకండి, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

వానాకాలంలో ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటే ట్రాక్‌ని అనుమానించాల్సిందే. అడాప్టర్లన్నీ తీసేసి ఆన్ చేయండి. అయినా పడితే తేమ పట్టీలోనో, వైరులోనో, చివర కనెక్షన్‌లోనో ఉండొచ్చు. పడకపోతే ఖాళీ అడాప్టర్లని ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి, తర్వాత వస్తువులని ఒక్కొక్కటే తగిలించండి, దేనికి పడిందో అదే దొంగ. చాలాసార్లు ట్రాక్ తప్పేమీ ఉండదు, తడిసిన గ్రైండరో, పాత ఇస్త్రీ పెట్టో దొరుకుతుంది.

అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను హెచ్చరిక వస్తే కిటికీ దగ్గరున్న ట్రాక్‌కి ఎంసీబీ ముందే ఆపేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు అద్దాలు పగిలి, వాన అడ్డంగా గదుల్లోకి వచ్చేసింది, ఆ రోజు ఇక్కడున్నవాళ్ళకి వివరంగా చెప్పక్కర్లేదు. పట్టీలోకి నీళ్ళు వెళ్తే గుడ్డతో తుడిచి ఆన్ చేసేయకూడదు. విప్పించి, పూర్తిగా ఆరాక, ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) చూపించి, అప్పుడే కరెంటు ఇవ్వాలి.

కాలిన వాసన, అడాప్టర్ అంచున గోధుమ రంగు, చిటచిట శబ్దం, లైటు మినుకుమినుకుమనడం, వీటిలో ఏది కనిపించినా ముందు స్విచ్ ఆపి ఆ అడాప్టర్‌ని పక్కన పడేయండి. అదే చోట కొత్త అడాప్టర్ పెట్టినా మళ్ళీ అలాగే అయితే పట్టీ లోపల ఆ చోట పాడైందన్నమాట, ఆ భాగం వదిలేసి మిగతాది వాడుకుందాం అనే పొదుపు ఇక్కడ పనికిరాదు, పట్టీ మార్చాల్సిందే.

అద్దె ఇల్లయితే

ఓనర్ గారు గోడకి మేకు కొట్టినా ఒప్పుకోని ఇళ్ళు ఎంవీపీ కాలనీలో అయినా, అక్కయ్యపాలెంలో అయినా బోలెడు. అలాంటివాళ్ళకి వైరూ ప్లగ్గూ ముందే బిగించి వచ్చే ట్రాకులు ఉన్నాయి, గోడ పాయింట్‌కి తగిలించుకుని టేబుల్ అంచుకి క్లాంపుతో బిగించుకోవచ్చు. గుర్తుంచుకోవాల్సిందల్లా అది అందమైన ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రమే, దాని ప్లగ్ 6 ఆంపియర్లదైతే మొత్తం ట్రాక్ 1,380 వాట్లదే, ఒక కెటిల్‌కి కూడా చాలదు. టేబుల్ పనికి హాయిగా వాడుకోండి, వంటింట్లోకి తీసుకెళ్ళకండి. గోడకి బిగించే రకమే కావాలంటే ముందు ఓనర్‌తో మాట్లాడి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి రంగు వేయిస్తామని చెప్పి ఒప్పించండి, వెళ్ళేటప్పుడు పట్టీ విప్పుకుని పట్టుకెళ్ళొచ్చు, అడాప్టర్లు, చివరి మూతలు, స్క్రూలు ఒకే సంచిలో కట్టి పెట్టుకుంటే చాలు, కొత్త ఇంట్లో వైరు ఏ చివర నుంచి వస్తుందో చూసుకున్నాకే గోడ మీద గీత గీయించండి.